మాయమైన రేవు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి విమల స్విచ్చి నొక్కి చూసేసరికి విశాఖ రేవు మొత్తం మాయమైపోయింది.

కిటికీలోంచి కనిపించే రేవు ఎక్కడిదక్కడే ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ ఎండలో కునుకు తీస్తోంది. దాని కింద నీళ్ళు కదిలీ కదలనట్టు మెరుస్తున్నాయి. మాయమైంది గదిలోని రేవు. ఎనిమిది నెలలు అంకె మీద అంకె పేర్చి విమల కట్టుకున్న రేవు.

అది ఉండేది పుస్తకమంత నల్లటి కంప్యూటరులో. ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసే పెద్దమ్మ కొడుకు సింగపూరు నుంచి తెచ్చి, "నీ లెక్కల పిచ్చికి ఇదే మందు" అని చేతిలో పెట్టి పోయాడు. దాన్ని టీవీకి తగిలించాలి. స్విచ్చి వేస్తే తెర తెల్లబడి, కింద ఎడమ మూలలో ఒక చిన్న నల్లటి గడి నిలబడాలి. అది కనిపించిందంటే మెషీను నిద్ర లేచినట్టు. అప్పుడు టేప్‌రికార్డరులో కేసెట్టు పెట్టి రేవుని మెషీనులోకి ఎక్కించాలి.

ఇవాళ ఆ గడి లేదు. తెర నిండా నల్ల గళ్ళు, తెల్ల గళ్ళు. ఆరేసిన లుంగీ గాలికి వణికినట్టు వణుకుతున్నాయి.

విమల స్విచ్చి ఆపింది. పది అంకెలు లెక్కపెట్టింది. మళ్ళీ వేసింది.

గళ్ళు.

"ఏటైందమ్మా?" అన్నాడు జ్ఞానదాసు, కిటికీ పక్కన పడక్కుర్చీలోంచి.

"లేవట్లేదు నాన్నా."

"కరెంటు తక్కువేమో. ఆదోరం గదా."

ఆయన చూపు తెర మీద లేదు, కొండ మీద ఉంది. పైలట్ లాంచీ మీద ముప్పై ఒక్క ఏళ్ళు సరంగుగా చేసినవాడు జ్ఞానదాసు. బయటి సముద్రంలో ఆగిన ఓడ దగ్గరికి, దాన్ని రేవులోకి నడిపించే పైలట్‌ని తీసుకెళ్ళి, తాడు నిచ్చెన కింద లాంచీని కదలకుండా నిలబెట్టడం ఆయన పని. రిటైరై ఆరేళ్ళయింది. మోకాళ్ళు అరిగిపోయి మూడేళ్ళయింది. వన్ టౌన్‌లో ఆ మేడగది నుంచి మెట్లు దిగి రేవుకి వెళ్ళడం ఇప్పుడు ఆయన వల్ల కాదు.

అందుకే విమల రేవుని పైకి తెచ్చింది. మొదట సరదాకి. తెర మీద రెండు నల్లటి గీతలు, మధ్యలో కాలువ. చుక్కంత ఓడ. పోటు నీరు ఒకవైపు లాగుతుంది, ఆటు ఇంకోవైపు. రెండు మీటలతో ఓడని ఒడ్డుకి తగలకుండా లోపలికి తేవాలి. మెషీను చిన్నది కాబట్టి ఓడ ఒక్కో అడుగు ఆలోచించుకుని వేసినట్టు కదిలేది. "నిజెం ఓడా అంతే, తొందర పడదు" అనేవాడు జ్ఞానదాసు. ఎక్కడ నీరు మెలి తిరుగుతుందో, ఎక్కడ కొండగాలి తగ్గుతుందో ఆయన చెప్పేవాడు, ఆమె అంకెల్లోకి మార్చేది. కొన్ని సాయంత్రాలు ఆయన కళ్ళు మూసుకునే మీటలు నొక్కేవాడు. ఓడ తిన్నగా లోపలికి వచ్చేసేది.

ఆ రేవుని నావికుల శిక్షణ కేంద్రం కేప్టెన్ గురునాథరావు చూడాలన్నాడు. సోమవారం పది గంటలకి. నచ్చితే కొత్తగా చేరిన సరంగులకి పాఠం చెప్పడానికి దాన్నే వాడతారు. విమలకి అక్కడే ఉద్యోగం. రోజూ దువ్వాడ దాకా రైల్లో వెళ్ళి ట్యుటోరియల్ కాలేజీలో తొంభై మందికి గొంతు చించుకునే పని తప్పుతుంది. మెషీనూ కేసెట్టూ వెంట తెమ్మన్నాడు కేప్టెన్. ఇక అవి అక్కడే ఉండాలిట.

ఆయన చూసేది ఆ ఒక్క రోజే. మంగళవారం కలకత్తా వెళ్ళిపోతున్నాడు.

విమల చెప్పులేసుకుంది.

* * *

దొరబాబు టీవీ మేస్త్రీ. అదే వీధిలో కొట్టు. ఆదివారం భోంచేసి పడుకున్నవాడిని లేపితే మనిషి కంటే ముందు ఆవలింత బయటికొచ్చింది.

"టీచరమ్మా, నాను టీవీలు సూసుకునీవోడిని. సింగపూరు సరుకు సంగతి నాకేటి తెలుసు?"

"నాకు తెలుసు. నీ చేతులు కావాలి."

"ఈ మాట మా ఆవిడ ముందరనకు" అంటూ చొక్కా తగిలించుకుని సామాన్ల పెట్టె తీశాడు.

గదిలోకి రాగానే వణికే గళ్ళని చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఏం సరంగు మావయ్యా, ఎవరు పాడుసేసినారు దీన్ని?"

"నాకేటి తెలుసురా. నా సూపు కిటికీ అవతల."

దొరబాబు ముందు టీవీని అనుమానించాడు. స్టేషను మీట అటూ ఇటూ తిప్పాడు. గళ్ళు కాసేపు మబ్బులయ్యాయి, మళ్ళీ గళ్ళయ్యాయి. టీవీ నిర్దోషి. తర్వాత తీగ మార్చాడు. తీగ నిర్దోషి. మీటరు తీసి, కరెంటు ఇచ్చే డబ్బా కొసలకి ముళ్ళు ఆనించాడు. తొమ్మిది వోల్టులు ఉండాలంది విమల. తొమ్మిదే ఉంది.

"పొద్దున్న బాగుందా?"

"నిన్న మధ్యాహ్నం బాగుంది. పొద్దున్నే నేను చర్చికి వెళ్ళిపోయాను."

"అప్పుడు గదిలో ఎవులున్నారు?"

విమల నవ్వలేక నవ్వింది. ఆదివారం పొద్దున టీవీ ముందు సగం వీధి ఉంటుంది. ఇరవై మందికి తక్కువ ఉండరు. తలుపు తీసి, చాప వేసి, అందరినీ కూర్చోబెట్టే పెద్దమనిషి జ్ఞానదాసు.

"బాగుంది. ఇరవై మంది దొంగలు, ఒక పోలీసు. ఆ పోలీసు సూపేమో కిటికీ అవతల" అన్నాడు దొరబాబు.

దూరంగా ఒక ఓడ కూత పెట్టింది. ఎండ టేబులు మీదికి పాకి, నల్లటి మెషీను అంచున ఆగింది. రేవు నుంచి ఎగిరొచ్చే ఇనుప రాయి దుమ్ము ఆ వెలుగులో గోధుమ రంగు పొగలా తేలుతోంది. వన్ టౌన్‌లో రోజుకి రెండుసార్లు తుడిచినా వేలు పెడితే అచ్చు పడుతుంది.

"వెనకాల ఇదేటి?" అన్నాడు దొరబాబు.

మెషీను వీపున అగ్గిపెట్టెల కట్టంత డబ్బా ఒకటి అతుక్కుని ఉంది.

"అది జ్ఞాపకం. అది లేకపోతే మెషీనుకి ఒక పేజీ కూడా గుర్తుండదు. అది ఉంటే రేవంతా గుర్తుంటుంది."

"తీసి సూద్దామా?"

"కరెంటు ఆపి."

ఆపారు. దొరబాబు డబ్బాని మెల్లిగా వెనక్కి లాగాడు. అది రావడానికి ఇష్టం లేనట్టు, జిగురుగా వచ్చింది. విమల స్విచ్చి వేసింది.

తెర తెల్లబడింది. కింద ఎడమ మూలలో చిన్న నల్లటి గడి నిలబడింది.

విమల ఊపిరి వదిలింది. మెషీను బతికే ఉంది. జ్ఞాపకం ఒక్కటే దానికి అందడం లేదు.

* * *

దొరబాబు కరెంటు మళ్ళీ ఆపించి, మెషీను వీపుని కిటికీ వైపు తిప్పాడు. డబ్బా అతుక్కునే చోట బంగారు రంగు పళ్ళు వరసగా ఉండాలి. అక్కడ బంగారం లేదు. నలుపూ ఎరుపూ కలిసిన జిగట పూత ఉంది. డబ్బా లోపలి గాడిలోనూ అదే.

వేలితో రాసి వాసన చూశాడు. మొహం చిట్లించి, వేలు విమల ముక్కు దగ్గర పెట్టాడు.

చేపల వాసన. మామూలు చేప కాదు. ఒడ్డున బోర్లించిన పడవల దగ్గర, ఎండలో మరిగే వాసన.

"సొరనూనె. జాలరిపేటలో పడవలకి పూస్తారు, ఉప్పు తినీకుండా. దాని మీద రేవు దుమ్ము పడి ముద్దయిపోనాది. కరెంటు ఎలాగెళ్తాది?" అన్నాడు దొరబాబు.

"చెయ్యి తగిలి అంటిందా?"

"సెయ్యి తగిల్తే ఇంత లోపలికెళ్ళదు టీచరమ్మా. డబ్బా పీకినారు, పూసినారు, మళ్ళీ పెట్టీసినారు. సూడు, పూత ఒకే వైపుకి ఉన్నాది. పనితెలిసిన సెయ్యి." పట్టకారుతో జిగటలోంచి వెంట్రుకంత తెల్లటి పోగు ఒకటి లాగి దులిపేశాడు. "ఇదేటో దూది."

ఆ తర్వాత వైద్యం. సీసాలోంచి స్పిరిట్టు, అగ్గిపుల్లకి చుట్టిన గుడ్డ. పుల్ల మీద పుల్ల నల్లబడుతూ పోయింది. జిగట వదిలాక కూడా పళ్ళ మీద పొగలాంటి పొర మిగిలింది. విమల తన డబ్బాలోంచి పెన్సిలు రబ్బరు తెచ్చి, తప్పు లెక్క చెరిపినట్టు ఒక్కో పన్నూ చెరపసాగింది. ఒకటి మెరిసింది. రెండోది మెరిసింది. ఎండ తగిలి గోడ మీద సన్నటి బంగారు గీతలు పడ్డాయి. జ్ఞానదాసు తల తిప్పి ఆ గీతల్ని చూశాడు. చాలాసేపు చూశాడు. లాంచీ కిటికీ అద్దం మీద నీళ్ళ వెలుగు ఆడినప్పుడు కూడా ఆయన అలాగే చూసేవాడని అమ్మ చెప్పేది.

నాలుగున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

చిట్టెమ్మ. జాలరిపేట నుంచి పొద్దున్నే చేపల తట్టతో వస్తుంది. ఆదివారాలు మాత్రం రెండు పూటలా వస్తుంది, పొద్దున టీవీకి, సాయంత్రం సినిమాకి చోటు పట్టుకోడానికి. తెర మీద ఓడ వస్తుంటే జ్ఞానదాసు కుర్చీ పక్కన కూర్చుని "ఇటు తిప్పు సరంగుబాబూ, ఇటు" అని అరిచేది కూడా ఆవిడే.

"ఇంకా ఎవులూ రాలేదేటి సినిమాకి?" అంటూ చాప పరిచింది.

విమల నల్లబడ్డ గుడ్డముక్క ఎత్తి పట్టుకుంది. "చిట్టెమ్మా, ఇదేం వాసన?"

చిట్టెమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. "సొరనూనె."

"ఇది నా మెషీనులో ఉంది. ఈ వీధిలో సొరనూనె ఎవరింట్లో ఉంది?"

చిట్టెమ్మ గుడ్డముక్కని చూసింది. తర్వాత కిటికీ పక్క కుర్చీని చూసింది. ఒక్కసారే. జ్ఞానదాసు కొండని చూస్తున్నాడు.

"నాదే తప్పు తల్లీ" అంది చిట్టెమ్మ. "పొద్దున్న టీవీ సూస్తూ దాని మీద సెయ్యేసినాను. సేపల సెయ్యి."

"రేపు పది గంటలకి దీని మీద నా ఉద్యోగం ఉంది. తెలుసా నీకు?"

"తెలీదు తల్లీ."

"ఇంక ఈ గదిలోకి రాకు."

చిట్టెమ్మ చాప మళ్ళీ చుట్టి, గోడకి ఆనించి, మెట్లు దిగింది. దిగుతున్నంతసేపూ పట్టీల చప్పుడు వినిపించింది.

దొరబాబు పెట్టె సర్దుకున్నాడు. "పెట్టి సూడు, లేత్తాది. డబ్బాని కదపకు. నాను మళ్ళీ ఆరింటికి సినిమాకొత్తాను." గుమ్మం దగ్గర ఆగాడు. "టీచరమ్మా, సెయ్యి తగిల్తే ఇంత లోపలికెళ్ళదని ఇందాకే సెప్పినాను."

అతను వెళ్ళిపోయాడు. ఆ మాట గదిలో ఉండిపోయింది.

* * *

విమల జ్ఞాపకం డబ్బాని తిరిగి పెట్టింది. స్విచ్చి వేసింది. తెల్లటి తెర. నల్లటి గడి.

కేసెట్టు పెట్టి మీట నొక్కింది. టేప్‌రికార్డరు పాడటం మొదలెట్టింది. వేరేవాళ్ళకి అది కీచురాయి గోల. ఈ ఇంట్లో వాళ్ళకి అది రేవు వచ్చే చప్పుడు. ఆరు నిమిషాలు పడుతుంది. తెర మీద నల్లటి చారలు కెరటాల్లా పైకి పోతూ ఉంటాయి. విమలకి ఎప్పుడూ ఆ ఆరు నిమిషాల్లో కాలం ఆగినట్టుంటుంది. కొండా, నీళ్ళూ, ఓడలూ పొడి అయిపోయి, సన్నటి చప్పుడుగా మారి, తీగ గుండా గదిలోకి వస్తున్నట్టుంటుంది.

బయట గాలి లేచింది. మెట్ల వైపు తలుపు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. చప్పుడు లేదు.

విమల ఆ తలుపు వైపు చూసింది.

ఈ వీధిలో అన్ని తలుపులూ కిర్రుమంటాయి. ఉప్పుగాలికి బందులు తుప్పు పట్టని ఇల్లు లేదు. ఈ తలుపు మాత్రం ఎప్పుడూ కిర్రుమనలేదు. ఈ ఇంట్లో గొళ్ళెం బిగుసుకోలేదు. గొడుగు ఊచ తుప్పు పట్టలేదు. అమ్మ పోయి పదేళ్ళయినా అమ్మ కుట్టుమిషను తిప్పితే తిరుగుతుంది. ఇన్నాళ్ళూ ఆమె దాని గురించి ఆలోచించలేదు.

కిటికీ గట్టు మీద, పడక్కుర్చీకి చెయ్యందే దూరంలో, ఒక తెల్లటి కోడి ఈక ఉంది. కొస నూనెతో అంటుకుపోయి ఉంది. ఒక పక్క రెండు మూడు పోగులు ఊడిపోయి ఉన్నాయి.

దూది కాదు.

టేపు ఆగింది. తెర మీద రెండు గీతలు, మధ్యలో కాలువ. బయటి సముద్రంలో చుక్కంత ఓడ ఎదురుచూస్తోంది. రేవు తిరిగొచ్చింది.

విమల ఈకని గట్టు మీదే వదిలేసింది. పొడుగు తీగతో మెషీనుని జరిపి, డబ్బా కదలకుండా ఆయన ముందున్న స్టూలు మీద పెట్టింది.

"పోటు మీదుంది నాన్నా. లోపలికి తీసుకురా."

జ్ఞానదాసు చేతులు ఎత్తాడు. మీటల మీద పెట్టబోయి ఆపాడు. ఓడ అలాగే నిలబడి ఉంది. అసలు రేవులో మరో ఓడ కూత పెట్టింది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నానే సేసినాను తల్లీ. సిట్టెమ్మకేటి తెలీదు. మోకాళ్ళకని అబద్ధమాడి దాని దగ్గిర సీసాడు నూనె తెప్పించుకున్నాను. నాకు శనివారం నూనె రాయకపోతే నిద్దర పట్టదు, నీకు తెలుసు గదా. లాంచీ మీద ఓపాలి మంచులో కూత మీట తుప్పట్టి బిగిసిపోనాది. నొక్కుతన్నాను, నొక్కుతన్నాను, పలకదు. నెత్తి మీదికి ఓడ గోడలాగ వచ్చీసినాది. ఎలాగ తప్పించినానో నాకే తెలీదు. ఆ రోజు నుండి నా సేతికి అందిన ఇనుమునీ ఇత్తడినీ ఉప్పుకి ఒగ్గీలేదు నాను. దీని వెనకాల పళ్ళు సూస్తే ఇత్తడిలాగున్నాయి. మూడు వారాల కిందట ఈకతో కొంచెం రాసినాను. తరవాత ఓడ మజ్జిలో ఆగిపోతంటే తుప్పనుకుని ఇంకొంచెం రాసినాను. నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు బాగా పట్టించినాను. రేపు కేప్టెన్ ముందు ఆగకూడదని, అంతే, ఒట్టు. పొద్దున్న జనం ఎళ్ళిపోయినాక స్విచ్చేసి సూసినాను. గళ్ళు. అప్పుడే తెలిసిపోనాది నాకు. నీతో సెప్పాల. సెప్పలేదు. ఎందుకో కూడా సెప్పీస్తాను ఇను. ఇది లేవకపోతే రేపు ఇక్కడి నుండి ఎళ్ళదు గదా అనిపించినాది. పగలంతా నువ్వు దువ్వాడలో ఉంటావు. నాను దీంతోటే ఉంటాను. రోజుకి నాలుగు ఓడలు తెస్తాను లోపలికి. రేపటి నుండి ఏటి తేవాల నాను? అలాగనుకుని ఓ గంట సంబరపడ్డాను కూడా. నీ కూడు తీసీసి సంబరపడ్డాను. దొరబాబు వాసన సూసినప్పుడు సెప్పొచ్చు. నోరు రాలేదు. సిట్టెమ్మ నా మొగం సూసి తప్పు తన మీదేసుకున్నాది సూడు, అప్పుడు కూడా కొండకేసి సూస్తా కూకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళల్లో ఎవుల్నీ నీళ్ళల్లో ఒగ్గీసి రాలేదు నాను, ఇయ్యాల ఒగ్గీసినాను. రేపు దీన్ని పట్టుకెళ్ళు. కేప్టెన్ అడిగితే పోటు నీరు కొండ దగ్గిర ఎడమకి లాగుతాదని సెప్పు, అది మర్సిపోకు. అదంతా తరవాత. ముందు కిటికీలోంచి సిట్టెమ్మని కేకెయ్యి, బేగి, ఇంకా కింద అరుగు మీదే కూకుని ఉంటాది. నాను దిగలేను. పైకి రమ్మను. దాని ముందు నానే సెప్పుకోవాల."